నో డ్యూస్ సంతకం కన్నా ముందే లైబ్రేరియన్‌ను కలవండి

డిగ్రీ చదువంతా పూర్తి చేసి, చివరి రోజున నో డ్యూస్ కాగితం మీద సంతకం కోసం లైబ్రరీ మెట్లెక్కే విద్యార్థులు ప్రతి కాలేజీలోనూ ఉంటారు. లైబ్రేరియన్‌తో మాట్లాడటం వాళ్లకు అదే మొదలు, అదే ఆఖరు. దెందులూరు నుంచి ఇటు ఏలూరుకో, అటు తాడేపల్లిగూడేనికో రోజూ బస్సో ప్యాసింజరో పట్టుకుని వెళ్లే పిల్లల్లోనూ ఇలాంటివారికి కొదవ లేదు.

చాలామంది విషయంలో దీనికి కారణం బద్ధకం కాదు, మొహమాటం. 'ఇంత చిన్న విషయం అడిగితే ఏమనుకుంటారో' అన్న బెరుకు. ఆ బెరుకు అక్కర్లేదు. పాఠకుడి సమయం ఆదా చేయడం గ్రంథాలయ ధర్మమని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్.రంగనాథన్ 1931లోనే సూత్రంగా రాసిపెట్టారు. అంటే మీకు కావలసింది వెతికిపెట్టడం లైబ్రేరియన్ ఉద్యోగంలో భాగం. మీరేమీ ఉపకారం కోరడం లేదు. అడగనిదే అమ్మయినా పెట్టదు. అందుకే ముందు అడగడం అలవాటు చేసుకోండి. అదెలాగో చూద్దాం.

1. ప్రశ్న పట్టుకుని వెళ్లండి

"కొల్లేరు మీద ఏమైనా ఉందా సార్?" అంటే ఎవరైనా ఏం చెప్తారు? పక్షులా, చేపల చెరువులా, నీటి కాలుష్యమా? అదే, "2006లో అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశాక అక్కడి రైతుల బతుకు ఎలా మారింది?" అని అడిగి చూడండి. ఏ బీరువా తెరవాలో, ఏ నివేదిక చూడాలో లైబ్రేరియన్‌కు వెంటనే తడుతుంది. వెళ్లే ముందు మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకోండి. సగం పని అక్కడే అయిపోతుంది.

2. నంబరు పట్టుకోండి, పక్క పుస్తకాలూ చూడండి

చాలా కాలేజీల్లో పుస్తకాలను డ్యూయీ పద్ధతిలో సర్దుతారు. ఆ లెక్కన చేపల పెంపకం 639.3 దగ్గర ఉంటుంది, పండ్ల తోటలు 634 దగ్గర. మీకు కావలసిన పుస్తకం నంబరును కంప్యూటర్ కేటలాగులో చూసుకుని అరలోకి వెళ్లండి. అసలు పుస్తకం వేరేవాళ్లు పట్టుకెళ్లినా, అదే నంబరు చుట్టుపక్కల అదే విషయం మీద మరికొన్ని దొరుకుతాయి. చేతులూపుకుంటూ వెనక్కి రావలసిన పని లేదు.

3. కాలేజీ లాగిన్ అడిగి తీసుకోండి

గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ ఎన్-లిస్ట్ పేరుతో కాలేజీలకు లక్షకు పైగా ఈ-పుస్తకాలు అందిస్తోంది. మీ కాలేజీకి అందులో సభ్యత్వం ఉంటే యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ మీకూ ఇస్తారు. ఇక 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు దాదాపు 13 వేల పరిశోధన పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. కేంద్రం మూడేళ్లకు ఇందుకు కేటాయించిన సొమ్ము 6,000 కోట్ల రూపాయలు. అంత ఖర్చు పెట్టి తెచ్చిన పత్రికలను తెరిచి చూడకపోతే నష్టం ఎవరికి?

మీ కాలేజీకి ఇవేవీ లేవా? దిగులు వద్దు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో ఎవరైనా ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు.

4. థీసిస్‌ను వెనక నుంచి చదవండి

దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఉంటాయి. చదవడానికి లాగిన్ కూడా అక్కర్లేదు. మీ ప్రాజెక్టుకు దగ్గరగా ఉన్న థీసిస్ ఒకటి తెరిచి, నేరుగా చివర ఉన్న గ్రంథసూచికి వెళ్లండి. ఒక పరిశోధకుడు ఏళ్ల తరబడి పోగేసిన పుస్తకాలు, వ్యాసాల జాబితా అది. అందులోంచి పనికొచ్చేవి అయిదు ఎంచుకుని లైబ్రేరియన్ ముందు పెట్టండి. ఒక్క హెచ్చరిక: ఆ థీసిస్‌లోని పేరాలను ఎత్తి మీ రికార్డులో అతికించకండి. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ కూడా లైబ్రరీలోనే ఉండొచ్చు.

5. పక్క గడపా తొక్కండి

దెందులూరుకు చుట్టుపక్కల ఎంత చదువు ఉందో గమనించారా? పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ. ఏలూరులో 1945లో పుట్టిన సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల. తాడేపల్లిగూడెంలో 2015లో వచ్చిన నిట్. దానికి దగ్గర్లోనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం. అక్కడి పుస్తకం కావాలంటే మీ ప్రిన్సిపాల్ దగ్గర పరిచయ లేఖ తీసుకుని అనుమతి అడగండి. కాదంటే పోయేదేమీ లేదు. మీ కాలేజీకి డెల్‌నెట్ సభ్యత్వం ఉంటే పుస్తకాన్ని వేరే లైబ్రరీ నుంచి తెప్పించే వీలుంటుంది.

6. డబ్బు మిగిలే దారులు కనుక్కోండి

పాత ప్రశ్నపత్రాల ఫైలు ఉందా? ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు బుక్ బ్యాంక్ ఉందా? సెమిస్టరంతా పుస్తకం ఉంచుకోవచ్చా? ఈ మూడు ప్రశ్నలూ మొదటి నెలలోనే అడగాలి. పరీక్షల ముందు అడిగితే పుస్తకాలన్నీ ఎవరో ఒకరి ఇంట్లో ఉంటాయి.

సెలవుల్లో ఊళ్లో ఉన్నా లోటు లేదు. ఏలూరులో జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మీ ఇంట్లోవాళ్లు ఏటా కడుతూనే ఉన్నారు. పోటీ పరీక్షల పుస్తకాలు, దినపత్రికలు, కూర్చుని చదువుకునే చోటు ఆ డబ్బుతో నడిచేవే.

పాఠకుడి దగ్గరికే పుస్తకం వెళ్లాలని 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. ఈనాడు ఆ పనిలో చాలా భాగం ఫోను చేసేస్తోంది. అయితే వేల పుస్తకాల్లో మీకు అక్కరకొచ్చేది ఏదో తేల్చి చెప్పడానికి ఇప్పటికీ ఒక మనిషి కావాలి. ఆ మనిషి మీ కాలేజీలోనే, కౌంటర్ వెనక ఉన్నారు.

ఈ సోమవారమే వెళ్లండి. మీ పేరు, గ్రూపు చెప్పండి. "సార్, ఈ లైబ్రరీలో నాకు పనికొచ్చేవి ఏమేం ఉన్నాయి?" అని అడగండి. మేడమ్ ఉంటే మేడమ్‌నే అడగండి. నోట్‌బుక్ తీసి రాసుకోండి. ఫైనలియర్ దాకా ఆగకండి.