కొండను చూచిన కన్ను

పలనాటివారికి కోటప్పకొండ నిత్యదర్శనీయము. నరసరావుపేట ప్రాంతపు పొలములలో పనిచేయువాడు తల యెత్తినచో త్రికూటాచలము కనబడును. అలవాటుపడిన కన్నునకు అది రాతిగుట్ట. భక్తునకు త్రికోటేశ్వరుని నిలయము. వస్తువు ఒక్కటియే అయినను చూచువాని అంతరంగమునుబట్టి దర్శనము మారుచున్నది. ఈ సత్యమును తమ జీవితముచే తెలిపిన తెలుగు చిత్రకారులు కీర్తిశేషులు సంజీవదేవ్ గారు.

సూర్యదేవర సంజీవదేవ్ గారు 1914లో జన్మించిరి. గుంటూరుసీమలో దుగ్గిరాల చెంతనున్న తుమ్మపూడి వారి స్వగ్రామము. యౌవనమున హిమాలయములు వారి నాకర్షించెను. కులూ లోయలోని నగ్గర్‌లో రష్యాదేశీయులగు చిత్రకారులు నికొలస్ రోరిక్ గారికి వారు అతిథిగా నుండిరి.

రోరిక్ గారు 1874లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జన్మించి, వెలుగును చిత్రించుటలో ప్రసిద్ధులైన కుయింజీ గారియొద్ద విద్య నేర్చిరి. రామకృష్ణ వివేకానందుల బోధలు, రవీంద్రుని కవిత్వము వారిని భారతదేశమువైపు త్రిప్పెను. 1925 నుండి 1928 వరకు మధ్య ఆసియాలో సంచరించి, పిమ్మట నగ్గర్‌లో స్థిరపడిరి. వారి పటములలో హిమశిఖరములు తపము చేయు మునులవలె నుండును. మానవుని రూపము మిక్కిలి చిన్నదిగా నుండును. సౌందర్యమును రక్షించుటయు ధర్మమేయని వారు నమ్మిరి. యుద్ధకాలమునందును కళానిలయములను, విద్యాసంస్థలను, ప్రాచీన కట్టడములను కాపాడవలెనను ఒడంబడిక వారి పేరిట 1935 ఏప్రిల్ 15న వాషింగ్టన్‌లో కుదిరెను. 1947లో నగ్గర్‌లోనే వారు కన్నుమూసిరి.

సంజీవదేవ్ గారు హిమాలయములలో నిలిచిపోక తుమ్మపూడికే తిరిగివచ్చిరి. కృష్ణా డెల్టాలోని ఆ యూరిలో మంచుకొండలు లేవు. వరిపొలములు, కాలువలు కలవు. అచ్చటనే ప్రకృతి దృశ్యములను చిత్రించుచు, గ్రంథములు రచించుచు, దేశవిదేశ మిత్రులకు లేఖలు వ్రాయుచు జీవించి, 1999 ఆగస్టు 25న దేహము చాలించిరి. పెద్దలు చిత్రించిన కొండనే మరల చిత్రించుట అనుకరణము. వారి చూపును తన యూరికి తెచ్చుకొనుట సాధన.

తల్లిదండ్రులు గమనింపవలసిన దిదియే. తిరునాళ్లకు పిల్లలను కొండకు తీసికొనిపోవుదుము. దర్శనమైన వెంటనే దిగివత్తుము. ఒక దినమైనను కాగితము, రంగులు చేతికిచ్చి, ఆ కొండను కూర్చుండి చిత్రింపుమని చెప్పవలెను. గీత వంకరపోయినను చింతలేదు. కొండను నిలిచి చూచుట నేర్చిన బిడ్డ, పెద్దయైన పిమ్మట దానిని పగులగొట్టుటకు ముందు ఒక్క క్షణమైనను ఆగును.