ముందు బండి కింద పడుకుని చూడు

అమీర్‌పేట,
గురువారం రాత్రి.

చిరంజీవి మేనల్లుణ్ణి ఆశీర్వదించి మామయ్య వ్రాయునది.

ఇక్కడ మీ అత్తయ్య మోకాళ్ళు తప్ప అంతా క్షేమం. నీకూ నాకూ మధ్య మెట్రోలో ఒక్క స్టేషను. అయినా ఉత్తరం రాస్తున్నానంటే, ఫోనులో నేను రెండో మాట ఎత్తేలోపే నువ్వు "సరే మామయ్యా" అంటావు. ఆ సరేకి అర్థమేమిటో నాకు తెలుసు. కాగితాన్నయితే అలా మధ్యలో ఆపలేవు.

నీ గురించి రెండు కబుర్లు చెవిన పడ్డాయి. ద్వారకాపురి బాబా గుడి దగ్గర కలిసి మీ అమ్మ చెప్పింది: నాన్న జీపుకి ఎత్తు పెంచి, లావు టైర్లు వేయించి, ముందు ఇనప కమ్మీలు బిగించబోతున్నావట. కోడలు మీ అత్తయ్యతో చెప్పిన కథ వేరు: దాన్ని తీసేసి అయిదు తలుపుల థార్ రాక్స్ కొంటున్నావట, లోను కోసం బ్యాంకు మనిషి ఇంటికి కూడా వచ్చి వెళ్ళాడట. ఒక రాత్రి అదీ, ఒక రాత్రి ఇదీ తోస్తున్నట్టుంది నీకు. ఎవరినీ అడగకుండా నీలో నువ్వే నలుగుతావు, చిన్నప్పటినుంచీ అంతే. అడిగితే ఏమవుతుందిరా?

సరే, నేనొకటి అడుగుతాను. ఆ బండి కింద ఎప్పుడైనా పడుకుని చూశావా?

ఇంజను గురించి నాకు బెంగ లేదు. 2,498 సీసీ డీజిలు, 105 హార్స్ పవరు. వేళకి ఆయిలు మారుస్తూ ఉంటే చాలు. ఎప్పుడైనా మొరాయించినా దింపి బోరు చేయించుకోవచ్చు. క్లచ్చి పోతే క్లచ్చి దొరుకుతుంది, కమాన్ పట్టీలు కుంగితే పట్టీలు దొరుకుతాయి. రాణీగంజ్‌లో ఒక పూట తిరిగితే సగం బండి సంచీలో వేసుకుని రావచ్చు. ఛాసిస్ మాత్రం అలా కొనుక్కొచ్చే వస్తువు కాదు. నంబరు కొట్టి ఉండేది దానిమీదే. చట్టం దృష్టిలో మీ నాన్న కొన్న బండి అంటే ఆ చట్రమే. పైనున్న రంగు, సీట్లు, టాపు అన్నీ తర్వాతివి.

ఆ చట్రానికి ఏం తగిలిందో గుర్తుచేసుకో. బావగారికి సముద్రం కనిపిస్తే చాలు, చిన్నపిల్లవాడైపోయేవారు. సూర్యలంకలో అలల్లోకి చక్రాలు దింపి, మీ అమ్మ గట్టున నిలబడి కేకలేస్తుంటే ఈయన నవ్వేవారు. ఉప్పునీళ్ళు అవి. ఆ తర్వాత 2020 అక్టోబరు వానకి మీ సెల్లారులో జీపు సీట్ల దాకా మునిగింది. పై నుంచి కడిగించారు, సీట్లు ఎండబెట్టారు. ఛాసిస్ లోపలికి పోయిన ఒండ్రు ఏమైంది? అది డబ్బాలా బోలుగా ఉండే ఇనుము. అడుగున నీళ్ళు పోవడానికి చిన్న చిన్న బెజ్జాలుంటాయి, వాటిని మట్టి మూసేస్తుంది. ఇక లోపలి తేమ బయటికి రాదు. బయట నలుపు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల రేకు పలచబడిపోతుంది.

ఈ సంగతి నాకు నేర్పింది కాలేజీ కాదు. 1979లో కొత్తగా ఉద్యోగంలో చేరి మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ మీద పడ్డాను. డిపార్టుమెంటు వాళ్ళు ఇచ్చిన బండి మహీంద్రా పెట్రోలు జీపు, బానెట్టు ఎత్తుగా ఉండే రకం. దానికో పెద్దాయన డ్రైవరు. వానాకాలం రేగడిలో కాలువ గట్టు మీద ఫోర్ వీల్ వేసినా ప్రయోజనం ఉండేది కాదు. చక్రానికి మట్టి చుట్టుకుని గుండ్రంగా తిరిగేది తప్ప బండి కదిలేది కాదు. ఇంజనీరు గారిని కదా, నన్నూ దిగి తొయ్యమనేవాడు. ప్రతి శనివారం సాయంత్రం ఆయన సన్నటి కడ్డీతో ఛాసిస్ బెజ్జాలు పొడిచి, గొట్టంతో లోపలికి నీళ్ళు కొట్టి, ఎర్రనీళ్ళు పోయి తేటనీళ్ళు వచ్చేదాకా కదిలేవాడు కాదు. నన్ను కూడా కింద పడుకోమనేవాడు. ఆయన ఇంటి నుంచి జొన్నరొట్టె, పచ్చిపులుసు వచ్చేవి మాకు. ఇప్పటికీ ఆ పచ్చిపులుసు లాంటిది మీ అత్తయ్య చెయ్యలేదు, ఈ ముక్క ఆవిడకి చదివి వినిపించకు. ఎక్కడికో వెళ్ళిపోయాను.

చూడవలసిన చోట్లు చెబుతాను, రాసుకో. కమాన్ పట్టీలు ఛాసిస్‌కి తగులుకునే బ్రాకెట్ల పైన. బాడీ కూర్చునే రబ్బరు దిమ్మల కింద. కాళ్ళ దగ్గర రబ్బరు చాప ఎత్తి, దాని అడుగు రేకు. బ్యాటరీ పళ్ళెం, యాసిడ్ కారి తినేసి ఉంటుంది. చిన్న సుత్తి తీసుకుని ఛాసిస్ పొడుగునా మెల్లగా కొడుతూ పో. ఖణేల్మంటే మంచి ఇనుము, మొద్దుగా పలికితే పుచ్చింది. అనుమానమున్న చోట స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడువు. దిగబడితే ఇక మాట్లాడుకునేదేమీ లేదు. ఎవడైనా "అండర్ కోటింగ్ వేసేద్దాం సార్, కొత్తదైపోతుంది" అంటే చెయ్యెత్తి దండం పెట్టు. తుప్పు గీకకుండా దానిమీద నల్లటి పూత పూయడం పుచ్చుపన్నుకి బంగారు తొడుగు వేయడమే. తేమ లోపలే ఉండి ఇంకా తొందరగా తింటుంది. ఛాసిస్ నంబరున్న చోట పొరలు లేచిపోయి ఉంటే ఖైరతాబాద్ ఆర్టీఏలో ఇన్‌స్పెక్టరు అచ్చు తీసుకోలేడు. అప్పుడు నువ్వు ఎన్ని లక్షలు పోసినా అది బండి కాదు.

ఖైరతాబాద్ అంటే జ్ఞాపకమొచ్చింది. వచ్చే ఆగస్టుకి ఆర్.సి. పదిహేనేళ్ళు నిండుతుంది. ఢిల్లీలో డీజిలు బండ్లకి పదేళ్ళే అన్న వార్త చూసి కంగారుపడకు, అది ఆ రాజధాని ప్రాంతం గొడవ. మనకి పదిహేనేళ్ళయ్యాక అయిదేసి ఏళ్ళ చొప్పున పొడిగిస్తారు. గడువుకి అరవై రోజుల ముందు నుంచి ఫారం 25 పెట్టుకోవచ్చు. కారుకి ఒకప్పుడు 600 ఉన్న రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. బండి ఇరవయ్యేళ్ళు దాటితే 10,000 అని 2025లో మళ్ళీ పెంచారు. గ్రీన్ టాక్సు వేరే. అంటే ఈసారి తక్కువలోనే పోతుంది.

ఆ తనిఖీకి నువ్వు ఎత్తు పెంచిన బండిని పట్టుకెళ్తావా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తీసి చదువు. కంపెనీ తయారుచేసిన లెక్కకీ బండికీ తేడా రాకూడదు. కేరళ నుంచి వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో అదే మాట చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో ఒక్కొక్క మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ముందు బిగించే ఇనప కమ్మీలు వద్దని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. ఇక లావు టైర్లంటావా, దానికొచ్చినవి 235/70 ఆర్16. అంతకంటే పెద్దవి వేస్తే స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది, బ్రేకుల మీద భారం పెరుగుతుంది. ఎందుకిదంతా? నువ్వు వెళ్ళేది హైటెక్ సిటీకి, మహా అయితే ఏడాదికోసారి అనంతగిరికి. పంజగుట్ట ఫ్లైఓవరు మీద ఫోర్ వీల్ వేసే అవసరం ఇంతవరకు ఎవరికీ రాలేదు. అనంతగిరి కూడా మూసీ పుట్టిన అడవి. దారి వదిలి అక్కడ బురద తొక్కించావని నాకు తెలిస్తే ఊరుకోను.

కొత్తదాని మాటకొస్తే, నువ్వు పేపర్లో చూసిన 12.99 లక్షలు 2024లో అది వచ్చినప్పటి మొదటి రకం ధర. దానికి ముందు చక్రాల లాగుడు ఉండదు. ఫోర్ బై ఫోర్ కావాలంటే అప్పుడే 18.79 లక్షల నుంచి మొదలు, అదీ షోరూము ధర. లైఫ్ టాక్సు, ఇన్సూరెన్సు కలుపుకో. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారిందిగా అంటావు. నాలుగు మీటర్ల లోపు పొడవు, చిన్న ఇంజను ఉన్నవాటికే 18 శాతం, ఇంత పెద్దదానికి 40. దాని వెడల్పు 1,870 మిల్లీమీటర్లు, మీ జీపు 1,726. మొన్న వచ్చినప్పుడు మీ సెల్లారు గేటు టేపు పెట్టి కొలిచాను, నువ్వు టీ తాగుతున్నావు. పడుతుంది, కానీ అద్దాలు మడవాలి. రోజూ మడుస్తావా?

ఒక్క విషయంలో మాత్రం నేను నీ జీపు వైపు లేను. దానికి ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, వెనక ఎదురెదురు బల్లలు. నిన్ను ఎక్కించుకుని అలాంటి బల్లమీదే సత్యం థియేటర్ దాకా వెళ్ళేవాళ్ళం. మైత్రీవనం స్తంభాల నిండా ఉన్న జావా, ఒరాకిల్ బోర్డులు గట్టిగా చదువుతూ ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో నా చొక్కా పట్టుకునేవాడివి. ఆ పట్టు ఇంకా నాకు తెలుస్తూనే ఉంది. అయినా మీ పాపాయిని ఆ బల్లమీద కూర్చోబెట్టకు. ఒక్క మైలైనా వద్దు. పాప కోసం మంచి రేటింగున్న మామూలు కారొకటి, ఎయిర్‌బ్యాగులున్నది, కోడలు నడపగలిగేది చూడండి. ఎంపిక కోడలిదే కానీ. అది వేరే ఖర్చు. కొండలెక్కే బండి మోజుని పాప పేరు మీద రాయకు.

ఇక నా తీర్పు. ఛాసిస్ గట్టిగా ఉంటే జీపుని ఉంచుకో. ఎత్తులూ అలంకారాలూ కాదు, కంపెనీ ఇచ్చినట్టు తిరిగి నిలబెట్టు: బ్రేకులు, రబ్బర్లు, పట్టీలు, టాపు. ఫారం 25 పెట్టు. అయిదేళ్ళు నడుపు. ఛాసిస్ పోయిందంటే మాత్రం మీ నాన్న వస్తువని ఏడుస్తూ పట్టుకు కూర్చోకు. వెల్డింగు అతుకులేసి ఎవడో కుర్రాడికి అంటగట్టవద్దు కూడా. ప్రభుత్వం గుర్తింపున్న స్క్రాపింగు కేంద్రానికిచ్చి సర్టిఫికెట్టు తీసుకో. స్టీరింగు చక్రం ఒక్కటి విప్పి మీ అమ్మకివ్వు.

ఆదివారం పొద్దున్నే మెట్రోలో వస్తాను. సుత్తి నేనే తెస్తాను, నువ్వొక పాత చాప, టార్చిలైటు సిద్ధం చెయ్యి. కింద పడుకునేది నువ్వే, నా నడుము ఒప్పుకోదు. కోడలితో చెప్పు, ఉప్మా వద్దు. ఆదివారం దాకా బ్యాంకు వాడికి గానీ, గ్యారేజీ వాడికి గానీ రూపాయి అడ్వాన్సు ఇవ్వకు.

ఇట్లు,
నీ మామయ్య