కరెంటు పోతే పాలు ఏం కావాలి?



"ఇప్పుడు కరెంటు పోవడం తగ్గింది గదా, జనరేటరు అమ్మేద్దాం, పొయ్యి కూడా తీసేసి కేంద్రం మొత్తం కరెంటు మీదే నడుపుదాం" అన్న మాట సంఘాల సమావేశాల్లో మేము తరచు వింటున్నాము. ఇందులో నిజమూ ఉంది, ప్రమాదమూ ఉంది.

ముందు లెక్క చూద్దాం

35 డిగ్రీల వేడితో వచ్చిన 1,000 లీటర్ల పాలను 4 డిగ్రీలకు దింపాలంటే సుమారు 35 యూనిట్ల వేడి తీయాలి. శీతల యంత్రం 1 యూనిట్ కరెంటుతో 2, 3 యూనిట్ల వేడిని బయటకు లాగుతుంది. కనుక 12 నుంచి 18 యూనిట్లు చాలు. నీళ్లు కాచడంలో ఈ లాభం లేదు. పాత్రలు కడిగే 100 లీటర్ల నీటిని 30 నుంచి 80 డిగ్రీలకు కాచడానికి సుమారు 6 యూనిట్లు ఖర్చవుతుంది. ఎండ ఉన్న రోజుల్లో ఆ పని డాబా మీది సోలార్ హీటరే చేస్తుంది.

గ్రిడ్డు సంగతి

2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలి 60 కోట్ల మందికి పైగా కరెంటు లేకుండా పోయింది. అప్పటికి దక్షిణ గ్రిడ్డు వేరుగా ఉన్నందున మనకు ఆ దెబ్బ తగలలేదు. 2013 డిసెంబరు 31న మనదీ దేశ గ్రిడ్డుతో కలిసింది. కలవడం మేలే, ఒకచోటి కొరతను మరొకచోటి కరెంటుతో తీర్చుకోవచ్చు. కాని గ్రిడ్డు నిలిచినా మన ఊరి లైను తెగవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు స్తంభాలు కూలి, ఎన్నో ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు.

మేము చూసినది

ఒక సంఘంలో సాయంత్రం పాలు పోసిన అరగంటకే ట్రాన్స్‌ఫార్మరు కాలింది. జనరేటరు ఉంది, డీజిలు లేదు. తెల్లవారేసరికి పాలు పులిశాయి. ఒక్క గేదె మీద ఇల్లు నడుపుకొనే ఒక సభ్యురాలు, "నేను మంచి పాలే పోశాను గదా, నా డబ్బెందుకు పోవాలి?" అని అడిగింది. మా వద్ద జవాబు లేదు. అంతకుముందు తనిఖీలో డీజిలు ఖర్చు అనవసరమని వ్రాసినది మేమే.

చేయవలసినవి

1. చల్లబడిన పాలు మూత తెరవకుంటే కొన్ని గంటలు ఆగుతాయి. అప్పుడే పోసిన వేడి పాలు ఆగవు. కనుక రెండు పూటల పాలు చల్లబరచేంత డీజిలు ఎప్పుడూ నిల్వ ఉంచాలి.

2. వారానికొకసారి జనరేటరును యంత్రం లోడు మీద నడిపి, ఆ సంగతి పుస్తకంలో వ్రాయాలి.

3. మోటారు నేరుగా స్టార్టయ్యేటప్పుడు మామూలుకు 5, 6 రెట్ల కరెంటు లాగుతుంది. ఆ సమయంలో నీటి హీటరు వేయరాదు.

4. కొత్త యంత్రం కొనే సంఘాలు ఐసు నిల్వ చేసే రకాన్ని పరిశీలించాలి. కరెంటు ఉన్నప్పుడు గట్టిన సుమారు 370 కిలోల ఐసు 1,000 లీటర్ల పాలను చల్లబరచగలదు. అప్పుడు నీటి పంపుకు, పాలు కలిపే మోటారుకు మాత్రం కొద్దిపాటి కరెంటు చాలు.

చర్చకు ప్రశ్నలు

మన కేంద్రంలో ఈ క్షణాన ఎన్ని లీటర్ల డీజిలు ఉన్నది? రాత్రి కరెంటు పోతే తాళం ఎవరి వద్ద ఉన్నది? ఈ రెంటికీ జవాబు తెలిసిన తరువాతనే జనరేటరు అమ్మకం మాట తలపెట్టండి.