వేషధారి అనే మాట ఎక్కడిది?



బడికి వెళ్లడం ఇష్టంలేని పిల్లవాడు కడుపునొప్పి అంటే “వేషాలు వేయకురా” అని మందలిస్తాం. అదే పిల్లవాడు క్రిస్మస్ నాటికలో గొల్లవాని వేషం వేస్తే చప్పట్లు కొడతాం. మాట ఒక్కటే, అర్థాలు రెండు. గ్రీకు భాషలోనూ ఇటువంటి మాట ఒకటుంది. అది నాటకశాల నుండి సువార్తలోనికి వచ్చింది. దానిని గ్రహించాలంటే నాటకం పుట్టుక కొంత తెలియాలి.

క్రీస్తు పూర్వం 6వ శతాబ్దంలో ఏథెన్సు నగరవాసులు ద్రాక్షారసానికి దేవుడని కొలిచిన దియొనీసుస్ పేరిట పండుగలు చేసేవారు. ఆ పండుగలలో ఒక బృందం పాడుతూ నర్తించేది. దాని పేరే ‘కోరస్’. క్రీ.పూ. 534 ప్రాంతంలో థెస్పిస్ అనే ఆయన బృందం నుండి వేరుగా నిలిచి, ఒక పాత్రగా మాట్లాడాడని సంప్రదాయం. తరువాత ఎస్కిలస్ రెండవ నటుణ్ణి, సోఫోక్లిస్ మూడవ నటుణ్ణి చేర్చారని అరిస్టాటిల్ రాశాడు. ‘డ్రామా’ అంటే చేయబడినది, అనగా క్రియ. ‘ట్రాజెడీ’ అంటే అక్షరాలా ‘మేకపాట’.

ఏథెన్సులోని ఆక్రోపొలిస్ కొండకు దక్షిణపు వాలులో ఆ నాటకశాల శిథిలాలు నేటికీ ఉన్నాయి. ప్రజలు కూర్చుని చూసే చోటు ‘థియాట్రాన్’. బృందం నర్తించే చోటు ‘ఆర్కెస్ట్రా’. దాని వెనుక నటులు వేషం మార్చుకొనే గుడారం లేక పాక ‘స్కెనె’. నేటి థియేటర్, ఆర్కెస్ట్రా, సీన్ అనే మాటలకు మూలాలు ఇవే.

ఇక నటుని పేరు ‘హిపోక్రితేస్’. ఇద్దరు ముగ్గురు నటులే పాత్రలన్నీ ధరించేవారు. ముఖానికి ముసుగు మారిస్తే రాజు దూత అయ్యేవాడు, పురుషుడు రాణి అయ్యేవాడు. ఇందులో మోసం లేదు. అది ముసుగని చూసేవారందరికీ తెలుసు.

మత్తయి సువార్త 6వ అధ్యాయం తెరవండి. దానం, ప్రార్థన, ఉపవాసం గురించి ప్రభువు బోధించేటప్పుడు మూడుసార్లూ ఈ మాటే వస్తుంది. తెలుగులో మనం కపట భక్తులు, వేషధారులు అని చదువుతున్నాం. అధ్యాయం మొదటి వచనంలో ‘మనుష్యులు చూడాలని’ అనే భావం తెలిపే గ్రీకు క్రియ, ‘థియాట్రాన్’ అనే మాట ఒకే ధాతువు నుండి పుట్టినవి. అంటే ప్రభువు హెచ్చరిక ఇది: మీ భక్తిని నాటకశాల చేయకండి.

నటుడు ఆట ముగియగానే ముసుగు తీసేస్తాడు. కపట భక్తుడు తీయడు. అది ముసుగని చూసేవారికి తెలియదు. కొంతకాలానికి అతనికే తెలియకుండా పోతుంది. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇదే. ముసుగును కడగగలం గాని, దాని వెనుకనున్న ముఖాన్ని కడగలేం.

మనలను మనం పరిశీలించుకుందాం. గుడికి ఇచ్చిన ఫ్యాను మీద మన పేరు రాయకపోతే మనసు నొచ్చుకుంటుందా? పూజలో చేతులు జోడించిన మనం, ఇంటికి చేరగానే భార్యమీదో భర్తమీదో అరుస్తున్నామా? మన పిల్లలు థియాట్రాన్‌లో కూర్చున్నవారు కారు. వారు స్కెనె లోపల మనతోనే ఉన్నారు. ముసుగు లేని మన ముఖాన్ని రోజూ చూస్తున్నారు. విశ్వాసాన్ని వారు ఆ ముఖం నుండే నేర్చుకుంటారు.

ఈ వారం ప్రతి కుటుంబం ఒక పని చేయండి. ఒక దానం గాని, ఒక ప్రార్థన గాని, ఒక ఉపవాసం గాని ఎవరికీ తెలియకుండా చేయండి. తరువాత కూడా చెప్పకండి. రహస్యంలో చూచే తండ్రికి తెలిస్తే చాలు.