మూడు రంగుల్లో మోసగాడు

పాత సినిమా పోస్టర్‌లా కనిపించాలంటే చాలామంది ముందు కాయితాన్ని ముసలిదాన్ని చేస్తారు. అంచులు చిరిగినట్టు, మడతలు పడినట్టు, మరకలు అంటినట్టు కంప్యూటర్లో ఒక పొర వేసేస్తారు. నాకది నచ్చదు. 1971లో గోడకెక్కిన పోస్టర్ ఆ రోజు సరికొత్తది. జిగురు తడి ఆరకముందే జనం సైకిళ్లు ఆపి చూసిన బొమ్మ అది. ఇప్పుడు మళ్లీ గీస్తున్నామంటే ఆ కొత్తదనమే రావాలి. అది రావాలంటే ఆనాటి ఆర్టిస్టుకున్న హద్దుల్ని మనమూ ఒప్పుకోవాలి: లెక్కపెట్టిన రంగులు, చేత్తో రాసిన అక్షరాలు, రోడ్డుకు అవతలి నుంచి చూసే కళ్లు.

ఒమాన్‌లోని సోహార్‌లో ఉన్న మా తెలుగు కుటుంబాలు కొన్ని వీలున్న శుక్రవారాల్లో ఎవరో ఒకరింట్లో చేరి పాత సినిమా వేసుకుంటాం. పోర్టులో పనిచేసేవాళ్లు, ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్లు, టీచర్లు, నర్సులు, అందరి పిల్లలూ వస్తారు. ఏ సినిమా వేస్తామో ముందుగా చెప్పే పోస్టర్ గీయడం నా వంతు. ఈసారి ‘మోసగాళ్లకు మోసగాడు’. పద్మాలయా వారి సినిమా, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, ఆరుద్ర రచన, వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా. 1971 ఆగస్టు 27న విడుదలైంది. ఇటలీ దర్శకుడు సెర్గియో లియోనే తీసిన కౌబాయ్ సినిమాల గాలి మన దాకా వచ్చి, కృష్ణ నెత్తిన టోపీ పెట్టి గుర్రమెక్కించింది. 2023 మే 31న, ఆయన పోయాక వచ్చిన మొదటి పుట్టినరోజుకి, 4కేలో మళ్లీ థియేటర్లకొచ్చింది. మా పిల్లల్లో కొందరికి కృష్ణ అంటే మహేశ్‌బాబు నాన్నగారు, అంతే. వాళ్లకి పోస్టర్ చూడగానే ఆ మనిషి హీరో అని తెలియాలి.

మొదటి పని సినిమా చూడటం, అదీ ఎక్కడా ఆపకుండా. రెండోసారి చూసేటప్పుడు పెన్సిల్ పట్టుకుంటాను. కాయితం మీద అగ్గిపెట్టెంత గడులు గీసుకుని, ఒక్కో గడిలో ఒక్కో దృశ్యాన్ని నలుపు తెలుపు ముద్దలుగా పెట్టేస్తాను. కళ్లూ ముక్కులూ గీయను. ఆ సైజులో పోల్చుకోగలిగిన ఆకారమే గోడ మీద దూరానికీ కనిపిస్తుంది. ఈ సినిమాలో నిలిచినవి మూడు: టోపీ కింద మొహం, పరుగెత్తే గుర్రం, నడుం దగ్గర తుపాకీ మీదికి పోతున్న చెయ్యి.

ఇప్పుడు రెట్రో పోస్టర్ అంటే ఖాళీ నేల మీద ఒక టోపీ పెట్టి, కింద చిన్న అక్షరాలు వేసే పద్ధతి బాగా నడుస్తోంది. దానికీ ఘనమైన వంశమే ఉంది. సాల్ బాస్ 1958లో ‘వెర్టిగో’కీ, మరుసటేడు ‘అనాటమీ ఆఫ్ ఎ మర్డర్’కీ చేసిన పోస్టర్లు ఈనాటికీ పాఠాలే. కానీ అది మన గోడల వంశం కాదు. మన పోస్టర్ ముందు నిలబడ్డవాడు సినిమాలో ఎవరెవరున్నారో వెతుక్కునేవాడు. కృష్ణ కోసం ఒకడు, విజయనిర్మల కోసం ఒకడు, జ్యోతిలక్ష్మి డాన్స్ కోసం మరొకడు, నాగభూషణం విలనీ కోసం ఇంకొకడు. వాళ్లందరికీ జవాబు చెప్పే బాధ్యత ఒక్క కాయితానిది. అందుకే మన పోస్టర్ నిండుగా ఉంటుంది. ఆ నిండుతనాన్ని తీసేసి రెట్రో అనడానికి నాకు మనసొప్పదు.

నిండుగా ఉండటమంటే గందరగోళం కాకూడదు. కుడివైపు పైన కృష్ణ మొహం, మొత్తం కాయితంలో మూడో వంతు. ఎడమ అంచు నుంచి గుర్రం లోపలికి వస్తుంది. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి దాని పరుగుతో పాటే మన చూపూ లోపలికి వస్తుంది. కృష్ణ చూపు మాత్రం ఎడమకి, గుర్రానికి ఎదురు. ఆ రెండింటి మధ్య విజయనిర్మల. నాగభూషణాన్ని టోపీ అంచు వెనక, నీడలో సగం మొహంతో పెట్టాను. జ్యోతిలక్ష్మి కింద, అక్షరాలకు ఆనుకుని. ఆనాడు పెద్ద పోస్టర్లను ముక్కలుగా అచ్చేసి గోడ మీద కలిపి అతికించేవాళ్లు. అతుకు కన్ను మీద పడితే మొహం పాడవుతుంది. నేను అచ్చేసేది ఒకే కాయితమైనా నట్టనడుమ ఒక అతుకు గీత గీసుకుని, కళ్లూ అక్షరాలూ దాని మీద పడకుండా సర్దుకుంటాను. ఆ గీతను తప్పించుకోవడానికి బొమ్మలు జరిగే తీరులోనే పాత పోస్టర్ పోలిక వచ్చేస్తుంది.

వెలుగు విషయంలో సోహార్ నాకు పెద్ద సాయం చేసింది. ఈ సినిమా ఎడారి దృశ్యాలు బికనీర్ వైపు తీశారు. బికనీర్ 28 డిగ్రీల ఉత్తరాన ఉంటే సోహార్ 24 దాటి ఉంటుంది, కర్కటరేఖకు కాస్త పైన. మే, జూన్ మధ్యాహ్నాల్లో రెండు చోట్లా సూర్యుడు నెత్తిమీదే. ఇక్కడి నుంచి బురైమీ వైపు వెళ్లే దారిలో వాదీ జిజ్జి అనే లోయ వస్తుంది. పొద్దెక్కాక అక్కడ ఒక శ్రీకాకుళం తమ్ముడికి టోపీ పెట్టి నిలబెట్టాను. “అన్నా, ఎండ మాడ్చేస్తోంది, తొందరగా కానీ” అంటుంటే గబగబా ఫొటోలు తీసుకున్నాను. టోపీ అంచు నీడ నుదురు, కళ్లు, ముక్కు కొస దాకా కప్పేసింది. ఎండ పడింది పైపెదవి మీదా గడ్డం మీదా మాత్రమే. ఇంకొకటి కూడా కనిపించింది: నేల మీద పడిన ఎండ పైకి తిరిగి కొట్టి గడ్డం కింది భాగానికి నారింజ ఛాయ ఇచ్చింది. గదిలో కూర్చుని ఊహిస్తే ఆ ఛాయ తట్టదు.

ఉన్నదున్నట్టు గీస్తే హీరో కళ్లు కనబడవు. కళ్లు కనబడని హీరో పోస్టర్ మన దగ్గర లేదు. కాబట్టి నీడ ఆకారం నిజానిది, కళ్లలో వెలుగు మాత్రం నాది. కొండల రంగు కూడా తీసుకోలేదు. సోహార్ వెనక కొండలు రాగి గనుల కొండలు. నల్లటి గోధుమ రంగు, అక్కడక్కడ ఆకుపచ్చ జీర. చూడటానికి గొప్పగా ఉంటాయి కానీ థార్ ఇసుకకీ వాటికీ పొత్తు కుదరదు. సినిమా చూసినవాడికి వెంటనే తేడా తెలుస్తుంది.

మొహం రంగుల దగ్గర ఈశ్వర్ గారిని తలుచుకోకుండా బ్రష్ పట్టుకోలేను. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్లి, 1967లో బాపు ‘సాక్షి’తో పబ్లిసిటీ డిజైనర్‌గా మొదలై, రెండు వేలకు పైగా సినిమాలకు పనిచేసిన మనిషి. ‘సాక్షి’లోనూ కృష్ణ, విజయనిర్మలే జంట. ఆయన రాసిన ‘సినిమా పోస్టర్’ ఈ పనిలో ఉన్న తెలుగువాడికి దగ్గరుంచుకోవాల్సిన పుస్తకం. 2015 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య అవార్డు ఇచ్చారు. 2021లో పోయారు. ఆ తరం పోస్టర్లలో మొహాన్ని దగ్గరగా చూడండి. ఒక చెంప ఎరుపు, నారింజ, రెండో చెంప నీలం, ఆకుపచ్చ. మనిషి ఒంటి రంగు ఎక్కడా ఉండదు. పది అడుగులు వెనక్కి జరిగితే ఆ రంగులే కలిసి చక్కటి మొహం అవుతుంది. ఉత్త గోధుమ రంగుతో గీస్తే దూరానికి ముద్దలా కనిపిస్తుందని వాళ్లకు అనుభవం మీద తెలుసు. వెచ్చని రంగొక పక్క, చల్లని రంగొక పక్క పడితే ముక్కు లేచి నిలబడుతుంది.

అందుకే మొహాన్ని పోస్టర్ కలర్లతో కాయితం మీదే వేస్తాను, తెర మీద కాదు. గడులు గీసి చిన్న స్కెచ్‌ని పెద్దది చేసి, ముందు నీడలన్నీ ఒకే ముదురు నీలంతో. అది ఆరాక ఎండ పడిన చోట్ల పసుపు, మధ్యలో ఎరుపు. బ్రష్‌లో తడి దాదాపు లేకుండా లాగితే గరుకు చారలు పడతాయి. అవి అచ్చులో బాగా నిలుస్తాయి. ఈ తీరంలో గాలినిండా తేమ. కాయితాన్ని నాలుగు వైపులా బోర్డుకి టేపుతో బిగించకపోతే రంగు పడగానే అలలు తేలుతుంది.

ఇక అక్షరాలు. నా సమయంలో ఎక్కువ భాగం ఇక్కడే పోతుంది, పోవాలి కూడా. రెడీమేడ్ ఫాంట్ పెట్టిన రోజున పోస్టర్ సగం చచ్చిపోతుంది.

పేరు రెండు వరసల్లో వస్తుంది. పైన ‘మోసగాళ్లకు’, కింద ‘మోసగాడు’. రెండింటికీ మొదటి మూడక్షరాలు ఒకటే, ఒకదాని కింద ఒకటి అచ్చుగుద్దినట్టు కూర్చుంటాయి. చిక్కు నాలుగో అక్షరం దగ్గర. పైన ‘ళ్ల’, దాని కింద లావత్తు వేలాడుతుంది. సరిగ్గా దాని కిందే ‘డు’, తలకట్టు పైకి లేచి ఉంటుంది. రెండూ గుద్దుకుంటాయి. వరసల మధ్య దూరం పెంచితే గొడవ తీరుతుంది గానీ పేరు రెండు ముక్కలై, రెండు వేరే సినిమాల పేర్లలా కనిపిస్తుంది. లావత్తుని చిన్నది చేస్తే దూరానికి ‘మోసగాళకు’ అవుతుంది. ఆ పని అస్సలు చేయకూడదు. వత్తు చదవలేని పేరు తప్పు పేరే.

పై వరసలో ఐదక్షరాలు, కింద నాలుగే. అంటే ‘కు’ కింద చోటు ఖాళీ. దారి అక్కడే దొరికింది. లావత్తుని కాస్త కుడికి జరిపి ఆ ఖాళీ వైపు దింపాను. ‘డు’ తలకట్టుని ఎడమకి వంచాను. ‘డు’ కొమ్ముని బాగా సాగదీసి ఖాళీ మొత్తం నింపుతూ ‘కు’ చివరి దాకా తీసుకెళ్లాను. లావత్తు ఆ కొమ్ము మీద కూర్చుంది. రెండు వరసలూ ఒకే వెడల్పుకి వచ్చాయి, ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ట్రేసింగ్ పేపర్ మీద పేపర్ వేసుకుంటూ దిద్దితేనే ఇలాంటివి తెగుతాయి.

కౌబాయ్ వాసన ఎలా తేవాలి? తాడు మెలికలతో అక్షరాలు రాయడం, తూటా రంధ్రాలు పెట్టడం తేలిక దారులు. అమెరికా పశ్చిమాన పాత నోటీసుల్లో వాడిన కొయ్య అచ్చుల్ని చూస్తే ఒక గుణం కనిపిస్తుంది: నిలువు గీతలు సన్నం, అడ్డ గీతలు లావు. మన అక్షరాలు గుండ్రం కాబట్టి దాన్ని ఇలా మార్చుకున్నాను. సున్నా లాంటి ప్రతి ఒంపులో పైభాగం, కిందిభాగం లావు, పక్కలు సన్నం. తలకట్టు బద్దలా మందంగా, కొస తెగ్గొట్టినట్టు. తెలుగు అక్షరం తెలుగుగానే ఉంది, టోపీ పెట్టుకున్నట్టూ ఉంది. కింద నటులు, సాంకేతిక నిపుణుల పేర్లకు మాత్రం నిరాడంబరమైన అక్షరాలు. ఒక మూలన ‘రంగుల చిత్రం’ అని పట్టీ కట్టాను. రంగు సినిమా కావడమే ఒక ఆకర్షణైన రోజులవి.

తరవాత రంగుల విడదీత. వేసిన మొహాన్నీ రాసిన అక్షరాల్నీ స్కాన్ చేసి, కంప్యూటర్లో మూడు పొరలుగా విడగొడతాను: పసుపు, నారింజ వైపు మొగ్గిన ఎరుపు, నల్లటి నీలం. మూడూ ఒకదాని మీద ఒకటి పడినా పడకపోయినా, కాయితం తెలుపుతో కలిపి ఎనిమిది రంగులు వస్తాయి. పసుపు మీద ఎరుపు పడితే నారింజ, ఎరుపు మీద నీలం పడితే చాక్లెట్ గోధుమ, పసుపు మీద నీలం పడితే ముదురు ఆకుపచ్చ. తొమ్మిదో రంగు కావాలనిపించిన ప్రతిచోటా ఆగి, ఉన్న ఎనిమిదిలో ఏది సరిపోతుందో వెతుక్కోవాలి. విజయనిర్మల దుస్తులకు గులాబీ కావాలనిపించింది. లేదు కాబట్టి ఎరుపుని చుక్కలుగా విడగొట్టి తెలుపు మీద వేశాను. పాత పోస్టర్ అందం చాలావరకు ఇలాంటి సర్దుబాట్ల నుంచే పుట్టింది.

పాత అచ్చులో రంగులు కొంచెం జరిగి ఉండటం చూసే ఉంటారు, పెదవి ఎరుపు పెదవి దాటి చెంప మీదికి పోవడం. దాన్ని అనుకరించేవాళ్లు ఒక్కో బొమ్మలో ఒక్కో వైపు జరుపుతారు. ప్రెస్సులో అలా జరగదు. ప్లేటు జరిగితే కాయితం మొత్తం మీద ఒకే వైపు, ఒకే కొలతలో జరుగుతుంది. నేను ఎరుపు పొర మొత్తాన్ని అర మిల్లీమీటరు కుడికి జరిపి వదిలేస్తాను. కళ్ల దగ్గర మాత్రం నీలం గీతను కాస్త లావు చేసి ఆ జరుగుడుని కప్పేస్తాను.

అచ్చు 20 × 30 అంగుళాలు. 300 డీపీఐకి 6,000 × 9,000 పిక్సెళ్లు. నేను వెళ్లే షాపులో ఎక్కువగా ఫ్లెక్సులు, షాపు బోర్డులు చేస్తారు. పెద్ద ప్రింటరుంది కాబట్టి పనవుతుంది. మెరిసే కాయితం వద్దని, మెరుపు లేని మందపాటి కాయితమే కావాలని ముందే చెప్పి పెట్టాలి. కాయితం మరీ తెల్లనిదైతే ఎరుపు గుచ్చుతుంది, కొంచెం మీగడ రంగుదైతే మూడు రంగులూ కుదురుకుంటాయి. ముందు చిన్న సైజులో నమూనా తీయించి, బయటికి తెచ్చి ఎండలో చూస్తాను. షాపు ట్యూబ్‌లైటు కింద సరిగ్గా కనిపించిన పసుపు ఇక్కడి ఎండలో పాలిపోతుంది. ఈసారి పసుపు పెంచి, నీలం తగ్గించాల్సొచ్చింది. తరవాత నమూనాని గోడకి ఆనించి రోడ్డు దాటి అవతల నుంచి చదివాను. లావత్తు కనిపించింది.

ఇది అమ్మకానికి కాదు. సినిమా హక్కులు నిర్మాతలవి. డబ్బుకి అచ్చేయాలంటే వాళ్ల అనుమతి తీసుకోవాల్సిందే. అభిమానంతో గీసినవాళ్లే ఈ గీత దాటకుండా చూసుకోవాలి. నేను అచ్చేయించింది రెండే: ఒకటి సినిమా వేసే ఇంటికి, ఇంకొకటి ఎండలో నిలబడ్డ తమ్ముడికి.

ఇంటికి తెచ్చేటప్పుడు బొమ్మ బయటి వైపుకి ఉండేలా చుట్టాలి. లోపలికి చుడితే గోడకి పెట్టగానే అంచులు ముందుకి లేస్తాయి. బయటికి చుట్టింది గోడని హత్తుకుంటుంది. కారులో మాత్రం వదిలేయకండి, ఈ ఎండకి లోపల కాయితం వంకర తిరుగుతుంది.