నర్సమ్మకు బలం - రోగికి ధైర్యం

నొప్పులు మొదలైన బిడ్డను మన జఫర్‌గఢ్ నుంచి జనగామకో, వరంగల్‌కో తీసుకుపోతాం. దవాఖానలో ఎక్కువసేపు పక్కన ఉండేది ఎవరు? నర్సమ్మ. బి.పి. చూసేది ఆమె. సూది వేసేది ఆమె. అర్ధరాత్రి పిలిస్తే పలికేది ఆమె.

"ఆ సిస్టరు మంచిది, అన్నీ విడమరిచి చెప్పింది" అని కొందరంటారు. "ఆమె ఊకె కసురుకుంటది" అని కొందరంటారు. ఈ తేడా గుణం వల్లనేనా? కొంత కావచ్చు. పనిచేసే చోటు కూడా కారణమే.

వార్డు నిండా రోగులు, నర్సు ఒక్కతే అనుకోండి. బి.పి. మిషను పాడైంది. మందు ఎందుకు మార్చారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. "నాకేమైంది సిస్టరమ్మా?" అని రోగి అడిగితే ఆమె ఏం చెప్పగలదు? "డాక్టరు సారును అడుగు" అంటుంది. రోగికి భయం పెరుగుతుంది. నర్సుకు విసుగు పెరుగుతుంది.

అమెరికాలో రోసబెత్ మాస్ కాంటర్ అనే పండితురాలు 1977లో ఒక పుస్తకం రాశారు. ఆమె చెప్పిన ప్రకారం పనిచేసేవారికి నాలుగింటి వల్ల బలం వస్తుంది:

1. పనికి కావలసిన సమాచారం
2. తగిన సామాను, సమయం
3. పైవారి అండ
4. నేర్చుకుని ఎదిగే అవకాశం

ఈ బలం నర్సుకు ఉంటే రోగికి ఏం లాభం? యూరప్‌లోని 12 దేశాల్లో, అమెరికాలో చేసిన ఒక పరిశీలన ఫలితం 2012లో వచ్చింది. నర్సులకు పని పరిస్థితులు బాగున్న దవాఖానలను రోగులు కూడా ఎక్కువగా మెచ్చుకున్నారు.

మన రాష్ట్రంలోనూ ఒక ఉదాహరణ ఉంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 100 కానుపుల్లో దాదాపు 61 ఆపరేషన్లే. అవసరం లేని ఆపరేషన్లు తగ్గాలి. అందుకు 2017లో కరీంనగర్‌లో 30 మంది నర్సులకు మంత్రసాని విద్యలో 18 నెలల శిక్షణ మొదలుపెట్టారు. ప్రభుత్వం, యూనిసెఫ్, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి కలిసి చేసిన పని ఇది.

ఇట్లా నేర్చిన నర్సు మామూలు కానుపును తానే చేయగలదు. గర్భిణిని అటూ ఇటూ నడిపిస్తుంది. "భయపడకు బిడ్డా" అని నడుము రాస్తుంది. ప్రమాదం కనిపిస్తే వెంటనే డాక్టరును పిలుస్తుంది. ఏం చేయాలో ఆమెకు తెలుసు. చేసే అధికారం ఉంది. అందుకే ఆమె మాటలో ధైర్యం ఉంటుంది. ఆ ధైర్యం తల్లికీ అందుతుంది.

మరి మనమేం చేయాలి? నర్సు కసిరితే ఊరుకోనక్కర లేదు. మర్యాదగా అడగవచ్చు. అంతటితో ఆగవద్దు. నర్సులు చాలినంత మంది ఉన్నారా, సామాను ఉందా అని కూడా అడగాలి. ఆసుపత్రి అభివృద్ధి కమిటీలో ఉన్నవారికి చెప్పాలి. నర్సమ్మ కోసం అడగడమంటే మన బిడ్డ కోసం అడగడమే.

మాట్లాడుకోండి:
1. మీతో బాగా మాట్లాడిన నర్సు ఏం చేసింది? ఏం చెప్పింది?
2. పై నాలుగింటిలో మీ దవాఖాన నర్సుకు ఏది తక్కువగా ఉంది?
3. నర్సును అడగవలసిన రెండు ప్రశ్నలు మీ నోటుబుక్కులో రాయండి.