మండీ పద్దులకు క్వెరీలు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: కృష్ణగిరి జిల్లా సామల్పట్టి దగ్గర ఒక మామిడికాయల మండీలో రైతుల పేర్లు, తూకాలు, ఇచ్చిన డబ్బు అన్నీ ఎక్సెల్‌లో ఒకే షీటులో ఉన్నాయి. వాటిని మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్‌లోకి మార్చి క్వెరీలు, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు, నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు టేబుళ్లు సరిగ్గా విడగొట్టాలి. ఒకే షీటులో పెడితే రైతు ఎన్నిసార్లు కాయ తెస్తే అన్నిసార్లు అతని పేరు టైపు చేయాల్సి వస్తుంది. కృష్ణగిరి జిల్లాలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి కాబట్టి ఒకే మనిషి ఒక చీటీలో మునియప్ప, ఇంకో చీటీలో మునెప్ప, మరో దాంట్లో మునియప్పన్ అవుతాడు. గుమాస్తాకు ఆ ముగ్గురూ ఒక్కరేనని తెలుసు, కంప్యూటరుకు తెలియదు. అందుకే పేరు ఒక్కచోటే ఉండాలి, మిగతా అన్నిచోట్లా అతని సంఖ్య ఉండాలి.

ఈ మండీకి మూడు టేబుళ్లు చాలు. 'రైతులు' టేబుల్లో రైతు సంఖ్య, పేరు, ఊరు. 'తూకాలు' టేబుల్లో చీటీ సంఖ్య, తేదీ, రైతు సంఖ్య, రకం, బరువు, ధర. 'చెల్లింపులు' టేబుల్లో తేదీ, రైతు సంఖ్య, సొమ్ము. 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ పద్ధతికి మూలం ఇదే: సమాచారాన్ని టేబుళ్లుగా విడదీయడం, అవసరమైనప్పుడు ఉమ్మడి సంఖ్య ద్వారా కలపడం.

ప్రశ్న: క్వెరీని యాక్సెస్ చూపే గళ్లలో నింపడం మేలా, ఎస్‌క్యూఎల్ అనే క్వెరీ భాషలో రాయడం మేలా?

జవాబు: గళ్లతో మొదలుపెట్టి ఎస్‌క్యూఎల్‌కు చేరడం మేలు. రెండూ ఐబీఎంలోనే, 1970ల్లోనే పుట్టాయి. గళ్ల పద్ధతి మోషే జ్లూఫ్ ఆలోచన. ఎస్‌క్యూఎల్ 1974లో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ సీక్వెల్ అనే పేరుతో ప్రకటించిన భాష. 1992లో వచ్చిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఈ రెంటినీ ఒకేచోట ఇచ్చింది. గళ్లు నింపిన ప్రతిసారీ 'ఎస్‌క్యూఎల్ వ్యూ' తెరిచి చూస్తే, తాను నింపినదే వాక్యంగా ఎలా మారిందో నేర్చుకునేవారికి కనబడుతుంది. అంతకంటే మంచి గురువు లేదు. యాక్సెస్ కొనలేనివారికి లిబ్రేఆఫీస్ బేస్ ఉచితంగా దొరుకుతుంది. గుర్తుల్లో కొన్ని తేడాలున్నా పద్ధతి అదే.

తోతాపురి తూకాలన్నీ తేదీల వరుసలో కావాలంటే వాక్యం ఇలా ఉంటుంది:

సెలెక్ట్ తేదీ, రైతు_సంఖ్య, బరువు
ఫ్రమ్ తూకాలు
వేర్ రకం = 'తోతాపురి'
ఆర్డర్ బై తేదీ;

ఇక్కడ తెలుగు లిపిలో ఉన్న సెలెక్ట్, ఫ్రమ్ వంటి ఆజ్ఞలను ఇంగ్లిషు అక్షరాల్లోనే టైపు చేయాలి. సెలెక్ట్ తర్వాత ఏ గడులు కావాలో, ఫ్రమ్ తర్వాత ఏ టేబులో, వేర్ తర్వాత ఏ షరతో వస్తాయి. షరతుల దగ్గర అందరూ ఒకసారి తడబడతారు. తోతాపురి, నీలం రెండు రకాల చీటీలూ కావాలనుకుని మధ్యలో 'అండ్' పెడితే ఒక్క వరుస కూడా రాదు. ఒకే చీటీలో రకం ఒకేసారి రెండూ కాలేదు కదా! అక్కడ పడాల్సింది 'ఆర్'. గళ్లలోనైతే ఒకే అడ్డవరుసలో రాసిన షరతులు అండ్, కింది వరుసలో రాసినవి ఆర్.

ప్రశ్న: జూన్ 5 చీటీలు అడిగితే మే 6 చీటీలు వస్తున్నాయి. జూన్ 25 అడిగితే మాత్రం సరిగ్గానే వస్తున్నాయి. ఇదేం విడ్డూరం?

జవాబు: యాక్సెస్ ఎస్‌క్యూఎల్‌లో హాష్ గుర్తుల మధ్య రాసిన తేదీని అమెరికా పద్ధతిలో చదువుతుంది: ముందు నెల, తర్వాత రోజు. కనుక #05/06/2024# అంటే దానికి మే 6. #25/06/2024# దగ్గర 25వ నెల లేదు కాబట్టి తనంతట తానే తిప్పి జూన్ 25గా తీసుకుంటుంది. ప్రతి నెలా పన్నెండో తేదీ దాటాక క్వెరీ బాగుపడినట్టు కనిపించడానికి కారణం ఇదే. ఎర్రర్ చూపి ఆగిపోయే క్వెరీతో నష్టం లేదు. తప్పు అంకెను నిబ్బరంగా చూపించే క్వెరీతోనే మండీకి నష్టం. ఏడాదిని ముందు పెట్టి #2024-06-05# అని రాస్తే గందరగోళం ఉండదు. గళ్లలో టైపు చేసిన తేదీని యాక్సెస్ కంప్యూటరులోని ప్రాంతీయ సెట్టింగు ప్రకారం చదువుకుంటుంది కాబట్టి ఈ చిక్కు ఎస్‌క్యూఎల్ వ్యూలోనే ఎదురవుతుంది.

ప్రశ్న: కొన్ని లోడ్లకు ధర తర్వాత ఖాయమవుతుంది. అంతవరకు ఆ గడి ఖాళీ. మొత్తం సొమ్ము తక్కువ చూపిస్తోంది.

జవాబు: ఖాళీ గడిని డేటాబేస్ 'నల్' అంటుంది. నల్ సున్నా కాదు, 'తెలియదు' అని అర్థం. తెలియని ధరతో బరువును గుణిస్తే వచ్చేదీ తెలియనిదే. 'సమ్' అలాంటి వరుసలను చెప్పాపెట్టకుండా వదిలేసి మిగతావి కూడుతుంది. 'ధర = నల్' అని వెతికినా ఏమీ దొరకదు; 'ధర ఈజ్ నల్' అనాలి. 'రకం <> తోతాపురి' అని అడిగితే రకం రాయని చీటీలు కూడా జారిపోతాయి.

ఖాళీల స్థానంలో సున్నా పెట్టడానికి పనికొచ్చే ఎన్‌జడ్ అనే ఫంక్షన్ యాక్సెస్‌లో ఉంది. ధర దగ్గర మాత్రం దాన్ని వాడకపోవడమే మంచిది. ధర ఖాయం కాని కాయను ఉచితంగా ఇచ్చినట్టు చూపడం అబద్ధపు లెక్క. అలాంటి చీటీల జాబితాను వేరే క్వెరీగా తీసి, మొత్తం పక్కనే చూపాలి.

ప్రశ్న: తూకాలను, చెల్లింపులను కలిపి రైతువారీగా బాకీ తీస్తే, బాకీ ఉన్న రైతుకు సున్నా అని వస్తోంది.

జవాబు: డెస్క్‌టాప్ డేటాబేస్ నేర్చుకునేవారిని ఎక్కువగా మోసం చేసేది ఇదే, కాబట్టి అంకెలతో చూడాలి. ఒక రైతువి మూడు చీటీలు: 10,000, 8,000, 12,000 రూపాయలు. మొత్తం 30,000. అతనికి రెండుసార్లు డబ్బు ముట్టింది: 15,000, 5,000. మొత్తం 20,000. ఇంకా ఇవ్వాల్సింది 10,000.

రెండు టేబుళ్లను రైతు సంఖ్యతో నేరుగా కలిపితే ప్రతి చీటీ ప్రతి చెల్లింపుతోనూ జతపడుతుంది. ఆరు వరుసలు తయారవుతాయి. వాటిలో ప్రతి చీటీ రెండుసార్లు, ప్రతి చెల్లింపు మూడుసార్లు ఉంటాయి. కూడితే కాయల విలువ 60,000, ముట్టినది 60,000, బాకీ సున్నా. ఎర్రర్ ఏదీ రాదు. అంకె కూడా నమ్మేలాగే ఉంటుంది.

మందు ఏమిటంటే ముందు కూడాలి, తర్వాత కలపాలి. తూకాలను గ్రూప్ బై రైతు_సంఖ్యతో కూడి 'తూకం_మొత్తం' అనే క్వెరీగా దాచుకోవాలి:

సెలెక్ట్ రైతు_సంఖ్య, సమ్(బరువు*ధర) యాజ్ విలువ
ఫ్రమ్ తూకాలు
గ్రూప్ బై రైతు_సంఖ్య;

చెల్లింపులకూ ఇలాగే ఇంకొకటి. ఇప్పుడు రెండింటిలోనూ రైతుకు ఒక్క వరుసే ఉంటుంది కనుక జత పెరగదు. మూడో క్వెరీలో 'రైతులు' టేబుల్‌ను ఎడమవైపు ఉంచి, ఈ రెండింటినీ లెఫ్ట్ జాయిన్‌తో తగిలించాలి. మామూలు ఇన్నర్ జాయిన్ వాడితే ఇంకా ఒక్క రూపాయీ ముట్టని రైతు జాబితాలోంచే మాయమవుతాడు. అందరికంటే ముందు కనిపించాల్సింది అతనే. లెఫ్ట్ జాయిన్‌లో అతని చెల్లింపు గడి ఖాళీగా వస్తుంది. అక్కడ ఎన్‌జడ్ వాడవచ్చు, ఎందుకంటే చెల్లింపు లేకపోతే ముట్టింది నిజంగానే సున్నా. క్వెరీ అయ్యాక ఇద్దరు ముగ్గురు రైతుల బాకీని చీటీలు పెట్టుకుని చేత్తో కూడి సరిచూడాలి.

ప్రశ్న: ధరలను ఒకేసారి మార్చే అప్‌డేట్ క్వెరీ వాడవచ్చా?

జవాబు: వాడవచ్చు, కానీ నడిచాక వెనక్కి తిప్పే బటన్ ఉండదు. ముందు ఫైలుకు కాపీ తీయాలి. తర్వాత అదే వేర్ షరతుతో సెలెక్ట్ నడిపి, ఎన్ని వరుసలు వస్తున్నాయో చూడాలి. అప్‌డేట్ నడిపేముందు యాక్సెస్ అడిగే అనుమతి పెట్టెలో ఎన్ని వరుసలు మారతాయో కూడా ఉంటుంది. ఆ అంకె ముందు చూసినదానితో సరిపోతేనే 'ఎస్' నొక్కాలి. డిలీట్ క్వెరీకీ ఇదే వరుస.